విరిగినా మార్చుకోగలిగేదే మంచి తాళం: గూడ్స్ వ్యాగన్ల గడియల వెనుక ఇంజినీరింగ్

ఖరగ్‌పూర్: ఒక గూడ్స్ రైలులో 58 వ్యాగన్లు ఉన్నాయనుకుంటే, వాటి రెండేసి కొసలకు కలిపి 116 కప్లర్లు ఉంటాయి. ప్రతి కప్లర్‌లోనూ ఒక తాళం ఉంటుంది. వీటికి తోడు వ్యాగన్ తలుపులకు గొళ్ళాలు, చీలలు, గడియలు ఉంటాయి. వెరసి ఒక్క రైలులోనే వందల సంఖ్యలో తాళాలు. వీటిలో ఏ ఒక్కటి సరిగా పడకపోయినా రైలు నడిదారిలో రెండుగా తెగిపోవచ్చు. లేదా ఊడిన తలుపు పక్క పట్టాలపై వెళ్లే రైలును తాకవచ్చు. ఎండకు, వానకు, బొగ్గు ధూళికి, సుత్తి దెబ్బలకు ఓర్చుకుంటూ ఏళ్ల తరబడి పనిచేసే ఈ తాళాలు ఎప్పుడో ఒకప్పుడు చెడిపోక తప్పదు. అందువల్ల వాటిని రూపొందించే ఇంజినీర్లు ముందుగానే తేల్చుకోవలసిన విషయాలు కొన్ని ఉన్నాయి. చెడిపోయినప్పుడు ఏ భాగం ముందు చెడిపోవాలి? దానిని ఎక్కడ, ఎవరు, ఎంత సమయంలో మార్చగలగాలి?

పశ్చిమ బెంగాల్‌లోని రైల్వే పట్టణం ఖరగ్‌పూర్‌లో ఈ ప్రశ్నలు నిత్యం ఎదురవుతూనే ఉంటాయి. హౌరాకు సుమారు 115 కిలోమీటర్ల దూరంలోని ఈ జంక్షన్ నుంచి హౌరా, టాటానగర్, ఆద్రా, భువనేశ్వర్ దిశలుగా మార్గాలు చీలిపోతాయి. 1,072.5 మీటర్ల పొడవైన ప్లాట్‌ఫారం ఈ స్టేషన్‌కు పేరు తెచ్చింది. పట్టణానికి జీవనాధారంగా నిలిచింది మాత్రం ఇక్కడి వర్క్‌షాపు. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కంపెనీ నెలకొల్పిన ఈ కర్మాగారం ప్రస్తుతం ఆగ్నేయ రైల్వే అధీనంలో ఉంది. ఇంజిన్లు, ప్రయాణికుల పెట్టెలతో పాటు గూడ్స్ వ్యాగన్లను కూడా ఇక్కడ నిర్ణీత కాలానికి ఒకసారి విప్పి, సరిచేసి, తిరిగి పట్టాలెక్కిస్తారు.

ఖరగ్‌పూర్ నుంచి వాల్తేరు వరకు తీరం వెంబడి సాగే మార్గం కూడా ఒకప్పుడు అదే కంపెనీ నిర్వహణలో ఉండేది. దాంతో ఉత్తరాంధ్ర నుంచి ఎన్నో కుటుంబాలు రైల్వే కొలువుల కోసం ఇక్కడికి తరలివచ్చి స్థిరపడ్డాయి. సుభాష్‌పల్లి, నింపురా వంటి పేటలు ఉన్న ఈ ఊరిలో బెంగాలీ, హిందీ భాషలతో పాటు తెలుగూ తరతరాలుగా వినిపిస్తోంది. అటువంటి పట్టణానికి వ్యాగన్ తాళం మరమ్మతు సుపరిచితమైన పని.

తన బరువుతో పడే తాళం

వ్యాగన్ల మధ్య బంధంగా నిలిచేది సెంటర్ బఫర్ కప్లర్. సిబ్బంది వ్యవహారంలో ఇది సీబీసీ. వేళ్లు ముడిచిన చేయి ఆకారంలో కనిపించే ఈ ఉక్కు పరికరానికి ముందు భాగంలో అటూ ఇటూ తిరిగే కొక్కెం ఉంటుంది. దానినే నకిల్ అంటారు. రెండు వ్యాగన్లు ఎదురెదురుగా వచ్చి తాకినప్పుడు, తెరిచి ఉన్న నకిల్ లోపలికి తిరుగుతుంది. ఆ క్షణంలోనే కప్లర్ తలలో ఉన్న ఉక్కు దిమ్మె తన బరువుతోనే కిందికి జారి నకిల్ తోకకు అడ్డుపడుతుంది. ఇక నకిల్ వెనక్కి తిరగలేదు. తాళమంటే ఆ దిమ్మే. దీనికి స్ప్రింగు అవసరం లేదు, తాళంచెవీ అవసరం లేదు. వ్యాగన్ పక్క నుంచి హ్యాండిల్ తిప్పితే దిమ్మె పైకి లేచి బంధం విడిపోతుంది.

ఈ సులువైన ఏర్పాటు వెనుక చాలా రక్తం చిందిన చరిత్ర ఉంది. అమెరికాలో తొలినాళ్లలో వ్యాగన్లను ఉక్కు లంకె, పిన్నుతో కలిపేవారు. ఎదురుగా కదిలివస్తున్న వ్యాగన్ల మధ్య నిలబడి కార్మికుడు చేత్తో పిన్ను వేయవలసి వచ్చేది. ఆ పనిలో వేళ్లు, చేతులు, ప్రాణాలు కోల్పోయినవారు ఎందరో. 1873లో ఎలీ జానీ పేటెంటు పొందిన నకిల్ కప్లర్ ఆ దుస్థితిని మార్చింది. 1893లో అమెరికా చట్టం చేసి స్వయంచాలక కప్లర్లను తప్పనిసరి చేసింది. భారతదేశంలోనూ వ్యాగన్లకు చాలాకాలం కొక్కెం, మర కప్లింగులే ఉండేవి. వాటిని కలపాలంటే పాయింట్స్‌మన్ బఫర్ల కింద నుంచి వంగి లోపలికి దూరవలసిందే. సీబీసీ ప్రవేశంతో గూడ్స్ రైళ్లలో ఆ ప్రమాదం బాగా తగ్గింది.

బలహీనంగా ఉండవలసిన భాగం

బాక్స్‌ఎన్ రకం వ్యాగన్ పూర్తి లోడుతో సుమారు 81 టన్నులు తూగుతుంది. అటువంటివి 58 ఉంటే మొత్తం 4,700 టన్నులు దాటుతుంది. ఇంజిన్ వెనుక ఉన్న మొదటి కప్లర్‌పై ఆ లాగుడు భారం యావత్తూ పడుతుంది. ఎత్తు ఎక్కేటప్పుడో, అకస్మాత్తుగా బ్రేకు వేసి విడిచినప్పుడో ఏర్పడే కుదుపు దీనికి అదనం. ఇంతటి శక్తికి గొలుసులో ఏదో ఒక భాగం తెగవలసి వస్తే, అది ఏదై ఉండాలన్నది రూపకర్త ముందే నిర్ణయిస్తాడు.

కప్లర్ విషయంలో ఆ భాగం నకిల్. సుమారు 35 కిలోలకు పైగా బరువుండే నకిల్‌ను ఇద్దరు మనుషులు మోయగలరు. నిలువు పిన్నును పైకి తీస్తే పాతది బయటికి వస్తుంది, కొత్తది దాని స్థానంలో కూర్చుంటుంది. అదే కప్లర్ దేహం విరిగితే క్రేను కావాలి, వ్యాగన్‌ను రైలు నుంచి వేరు చేయాలి, గంటల తరబడి మార్గం మూసుకుపోతుంది. అందుకే మిగిలిన భాగాల కంటే నకిల్ ముందు తెగేలా బలాల మధ్య తేడా ఉంచుతారు. ఇంట్లో విద్యుత్ ఫ్యూజు చేసే పని ఇక్కడ నకిల్ చేస్తుంది. విడి నకిల్ అందుబాటులో లేకపోతే, రైలు చివరన ఖాళీగా ఉన్న అదే రకం కప్లర్ నుంచి నకిల్ తీసి వాడుకునే వెసులుబాటు కూడా ఉంది. రైలు తెగిన వెంటనే బ్రేకు పైపులోని గాలి పోయి రెండు ముక్కలకూ బ్రేకులు పడతాయి. కాబట్టి విరగడం కూడా ముందే ఊహించిన ఘటనగానే సాగుతుంది.

నకిల్ పిన్ను విషయంలో మరో మెలకువ ఉంది. రైలును లాగే బలం పిన్నుపై పడుతుందని పైకి అనిపిస్తుంది. నిజానికి నకిల్ తోకపై ఉన్న ఉబ్బులు, కప్లర్ తల లోపలి ఉబ్బులకు ఆనుకుని ఆ భారాన్ని మోస్తాయి. పిన్ను చేసే పని నకిల్‌ను దాని స్థానంలో నిలపడమే. భారం మోసే భాగం, కీలుగా తిరిగే భాగం వేరువేరుగా ఉండటం వల్ల పిన్ను వంగకుండా ఉంటుంది. వంగని పిన్నునే దారిలో చేత్తో బయటికి తీయగలరు. మరమ్మతుకు వీలైన రూపకల్పనలో ఇది మౌలిక సూత్రం: విప్పవలసిన భాగంపై భారం వేయరాదు.

పడిందో లేదో కనిపించాలి

తాళం పడిందని తెలియకపోతే ఆ తాళం వల్ల ప్రయోజనం సగమే. కప్లర్ లోపలి దిమ్మె పూర్తిగా కిందికి దిగిందో లేదో తెలుసుకునేందుకు కప్లర్ తలకు అడుగున ఒక గుర్తు రంధ్రం ఉంచుతారు. పరీక్షించే ఉద్యోగి వ్యాగన్ల మధ్యకు వెళ్లకుండానే దానిని చూసి నిర్ధారించుకోవచ్చు. పట్టాలపై నిరంతరం కలిగే అదురుకు దిమ్మె కొద్దికొద్దిగా పైకి పాకే అవకాశం ఉంది కనుక, హ్యాండిల్ తిప్పితే తప్ప అది లేవకుండా లోపల మరో అడ్డు ఏర్పాటు చేస్తారు. ఆ అడ్డు అరిగిపోతే బయటికి ఏమీ కనిపించదు. అందుకే పరీక్షలో కంటిచూపుతో పాటు కొలబద్దలు కూడా వాడతారు. నిర్దేశించిన కొలబద్ద సందులో పట్టిందా లేదా అన్నదే తీర్పు. అనుభవజ్ఞుడైన ఫిట్టరైనా, కొత్తగా చేరిన ఉద్యోగి అయినా ఒకే తీర్పునకు రావడం ఈ పద్ధతిలోని మేలు.

మరమ్మతు అంటే ప్రతి పగులునూ అతకడమని భావించరాదు. నకిల్ వేడి ప్రక్రియతో గట్టిపరచిన పోత ఉక్కు. ఇష్టానుసారం వెల్డింగ్ చేస్తే ఆ చోట ఉక్కు గుణం మారి, పైకి బాగున్నట్టు కనిపిస్తూనే లోపల పెళుసుబారుతుంది. పగిలిన నకిల్‌ను పక్కన పెట్టి కొత్తది వేయడమే సరైన పద్ధతి. ఏది అతకవచ్చు, ఏది మార్చి తీరాలి అన్న హద్దును గీయడం కూడా రూపకల్పనలో భాగమే.

తలుపుల దగ్గర వేరే లోకం

కప్లర్‌ను శిక్షణ పొందిన రైల్వే సిబ్బందే ముట్టుకుంటారు. తలుపుల సంగతి అలా కాదు. బొగ్గు, ఖనిజం మోసే బాక్స్‌ఎన్ వ్యాగన్లనైనా, ధాన్యం, సిమెంటు, ఎరువులు మోసే బీసీఎన్ మూత వ్యాగన్లనైనా గూడ్స్ షెడ్డు కూలీలు, కర్మాగారాల సైడింగుల్లో పనిచేసేవారు, యంత్రాలు నడిపేవారు తెరుస్తారు, మూస్తారు. వారందరి చేతుల్లో నిలిచే తాళం మొరటుగానే ఉండాలి. ఒక గొళ్ళెం, దాని గుండా దూరే ఉక్కు చీల, జారిపోకుండా పట్టే ఏర్పాటు. సూత్రం పల్లెటూరి పశువుల కొట్టం గడియదే.

ఈ మొరటుతనంలోనూ లెక్క ఉంది. కొసకు సన్నబడే చీలను పై నుంచి కిందికి దిగేలా అమరిస్తే, కుదుపు కలిగినప్పుడల్లా తన బరువుతో అది మరింత బిగుసుకుంటుంది. అదే చీలను అడ్డంగా అమరిస్తే ప్రతి కుదుపుకూ కొంత జారుతుంది. రంధ్రానికీ చీలకూ మధ్య కావాలనే కొంత సందు వదులుతారు. సరిగ్గా సరిపోయేలా చేస్తే కొత్తలో బాగానే ఉంటుంది కానీ, తలుపు కొద్దిగా వంగిన మరుక్షణం గొళ్ళెం కలవదు. యంత్రాలతో సరకు దించేటప్పుడు తలుపులు వంగడం సర్వసాధారణం. తడి బొగ్గు వల్ల ఉక్కు రేకు తుప్పు పడుతుంది. సుత్తి దెబ్బలకు కీళ్లు ఊడతాయి. పాత ఇనుము కోసం చీలలను ఎత్తుకుపోయేవారూ ఉంటారు.

చీల లేని చోట తలుపును తీగతో కట్టి పంపితే ఎదురయ్యే ముప్పును కొలతలే చెబుతాయి. పాత జంట మార్గాల్లో రెండు ట్రాకుల మధ్య రేఖల నడుమ ఉండవలసిన కనీస దూరం 4.265 మీటర్లు. సుమారు 3.2 మీటర్ల వెడల్పున్న రెండు వాహనాలు పక్కపక్కన దాటుకుంటే వాటి నడుమ మిగిలేది మీటరుకు కాస్త పైన. తీగ తెగి బయటికి ఊగే తలుపునకు ఆ సందు చాలదు. ప్లాట్‌ఫారంపై నిలిచిన ప్రయాణికుడు, పట్టాల పక్కన పనిచేసే గ్యాంగ్‌మన్ మరింత దగ్గరలో ఉంటారు. రైలు కదిలే ముందు తలుపులన్నీ మూసి, చీలలు వేసి ఉన్నాయో లేదో చూడటం పరీక్షలో అంతర్భాగమైంది ఇందుకే.

చీల పోకుండా చిన్న గొలుసుతో వ్యాగన్‌కే కట్టి ఉంచడం, కీలు పిన్నును విడిగా మార్చేలా చేయడం, ఎడమ కుడి తలుపులకు ఒకే గొళ్ళెం సరిపోయేలా చూడటం వంటివి చవకైన పరిష్కారాలు. కష్టమైన నిర్ణయం బిగింపు దగ్గర వస్తుంది. బోల్టుతో బిగిస్తే స్పానరుతో సులువుగా విప్పవచ్చు, కానీ అదురుకు వదులవుతుంది, దొంగకూ సులువే. వెల్డింగ్ చేస్తే దొంగకు కష్టమే, కానీ మార్చాలంటే గ్యాస్ కట్టరు కావాలి. అందుకే తరచుగా అరిగే భాగాలకు విప్పగలిగే బిగింపు, అరగని భాగాలకు శాశ్వత బిగింపు అన్న విభజన పాటిస్తారు.

గాలి పోయినా తెరుచుకోరాదు

థర్మల్ విద్యుత్ కేంద్రాలకు బొగ్గు చేరవేసే బీఓబీఆర్‌ఎన్ వ్యాగన్లలో తలుపులు అడుగున ఉంటాయి. రామగుండం ఎన్టీపీసీ వంటి కేంద్రాల్లో రేక్ నెమ్మదిగా కదులుతుండగానే సరకు కింది తొట్టెలోకి జారిపోతుంది. తలుపులను నడిపేది సంపీడిత గాలి. ఇటువంటి చోట గాలి పీడనమే తలుపును మూసి ఉంచితే, ఒక్క పైపు కారినా టన్నుల కొద్దీ బొగ్గు పట్టాల మీద పడుతుంది. కాబట్టి మూసిన స్థితిలో లివర్లు మధ్యబిందువును దాటి అవతలి వైపు వాలి ఉండేలా అమరుస్తారు. సరకు బరువు తలుపును ఎంత నెట్టితే లివర్లు అంతగా బిగుస్తాయి. గాలి లేనప్పుడు మనిషి చేత్తో నడిపే మార్గమూ ఉంచుతారు. శక్తి పోయినా తాళం నిలవాలి, యంత్రం మొరాయించినా మనిషి తెరవగలగాలి.

కంటైనర్ వ్యాగన్లది మరో రకం. బీఎల్‌సీ వ్యాగన్లపై పెట్టె నాలుగు మూలల్లోని రంధ్రాలలోకి ట్విస్ట్ లాకులు దూరి పట్టుకుంటాయి. 45 వ్యాగన్ల రేక్‌లో వ్యాగన్‌కు రెండు చొప్పున 20 అడుగుల పెట్టెలు ఎక్కిస్తే 360 లాకులు పనిచేయాలి. పెట్టెను దించగానే దానంతటదే పట్టి, క్రేను గట్టిగా ఎత్తినప్పుడు దానంతటదే విడిచే లాకుల వల్ల శ్రమ, సమయం ఆదా అవుతాయి. అయితే పట్టు పెట్టె కిందే దాగి ఉంటుంది కనుక, అరుగుదల బయటికి కనిపించదు. ఇటువంటి చోట రూపకర్తలు పాటించే మార్గం ఒకటే: లాకును మొత్తంగా ఒక ముక్కగా తీసి మరొకటి పెట్టేలా చేయడం, తీసినదాన్ని తీరిగ్గా బల్లపై విప్పి సరిచేయడం. ఆ లోగా వ్యాగన్ పనిలోనే ఉంటుంది.

తాళం వేరు, సీలు వేరు

మరమ్మతుకు వీలుగా ఉండే తాళం దొంగకూ వీలుగా ఉండదా అన్న సందేహం సహజమే. దీనికి రైల్వేల సమాధానం రెండు బాధ్యతలనూ వేరు చేయడం. తలుపును మూసి ఉంచడం గొళ్ళెం పని. ఎవరైనా తెరిచారా అన్నది చెప్పడం సీలు పని. సీలును ప్రతి ప్రయాణం చివరా తెంచి పారవేస్తారు. దానిపై ఉన్న సంఖ్య రికార్డులతో సరిపోకపోతే విచారణ మొదలవుతుంది. గొళ్ళెం మాత్రం ఏళ్ల తరబడి నిలుస్తుంది. ఈ రెండు పనులనూ ఒకే పరికరంపై మోపితే ఫిట్టర్ విప్పలేని తాళమో, దొంగ సులువుగా విప్పగల తాళమో మిగులుతుంది.

నాలుగు మెట్ల మరమ్మతు

వ్యాగన్ మరమ్మతు నాలుగు అంచెల్లో సాగుతుంది. దారి మధ్యలో రైలు సిబ్బంది చేయగలిగేది మొదటిది. యార్డు పరీక్షలో లోపం బయటపడితే వ్యాగన్‌కు సిక్ గుర్తు వేసి, సిక్ లైనుకు తరలించి సరిచేయడం రెండోది. వ్యాగన్ రకాన్ని బట్టి ఏడాదిన్నర, రెండేళ్లకు ఒకసారి డిపోలో జరిగే రొటీన్ ఓవర్‌హాల్ మూడోది. నాలుగున్నర నుంచి ఆరేళ్లకు ఒకసారి ఖరగ్‌పూర్ వంటి వర్క్‌షాపులో జరిగే పీరియాడిక్ ఓవర్‌హాల్ నాలుగోది. మంచి రూపకల్పన అంటే లోపాన్ని వీలైనంత కింది మెట్టులోనే సరిచేయగలగడం. చీల మార్చడానికి వ్యాగన్ సిక్ లైనుకు వెళ్లవలసి వస్తే, ఆ లోపం ఫిట్టరుది కాదు, డ్రాయింగుది.

ఈ వ్యవస్థ నిలబడటానికి మరో ఆధారం ప్రామాణికత. వ్యాగన్ ఒక ఊరికి చెందినది కాదు. ఖరగ్‌పూర్‌లో ఓవర్‌హాల్ అయిన వ్యాగన్‌కు విశాఖపట్నంలోనో, కాజీపేటలోనో గొళ్ళెం ఊడవచ్చు. విజయవాడ సమీపంలోని గుంటుపల్లి వర్క్‌షాపులో అమర్చిన నకిల్‌ను నింపురా యార్డులో మార్చవలసి రావచ్చు. దేశంలో ఏ మూల చెడినా అక్కడ దొరికే భాగం సరిపోవాలంటే కొలతలు ఒక్కటే కావాలి. 1957లో ఏర్పడి లక్నో కేంద్రంగా పనిచేస్తున్న పరిశోధన, రూపకల్పన, ప్రమాణాల సంస్థ ఆర్‌డీఎస్‌ఓ ఆ డ్రాయింగులను, ప్రమాణాలను నిర్ణయిస్తుంది.

కొత్త తరం తాళాలు ఈ ఏర్పాటుకు పరీక్ష పెడుతున్నాయి. ఇప్పటికీ గూడ్స్ రైళ్లలో మర కప్లింగులనే ఎక్కువగా వాడుతున్న ఐరోపా దేశాలు, గాలి పైపులతో పాటు విద్యుత్, సమాచార తీగలను కూడా తమంతట తామే కలిపే డిజిటల్ కప్లర్ల వైపు అడుగులు వేస్తున్నాయి. తాళం పడిందో లేదో డ్రైవరుకు తెరపైనే కనిపించడం పెద్ద మేలు. అయితే సెన్సరు చెడిన రాత్రి, మారుమూల స్టేషన్‌లో నిలిచిన రైలును కదిలించేందుకు అక్కడున్న ఇద్దరి చేతుల్లో ఏముంటుందన్న దానికి కూడా ఆ డ్రాయింగు జవాబు చెప్పవలసి ఉంటుంది.

తెలుగు నేలపై కాజీపేటలో రైల్వే తయారీ కర్మాగారానికి 2023 జులైలో శంకుస్థాపన జరిగింది. ఏ కర్మాగారం నుంచి వచ్చిన వ్యాగనైనా దశాబ్దాల పాటు పట్టాలపై తిరగాలి. దానిని తయారు చేసేవారు ఒక్కసారే చూస్తారు, మరమ్మతు చేసేవారు పదేపదే చూస్తారు. చెయ్యి దూరే చోటు, స్పానరు తిరిగే జాగా, సుత్తికి లొంగే పిన్ను, కంటికి కనిపించే గుర్తు ఉన్నాయా లేవా అన్నది డ్రాయింగు దశలోనే తేలాలి. అక్కడ వదిలేసిన లోపానికి మూల్యం చెల్లించేది యార్డులో వ్యాగన్ కిందకు దూరే మనిషే.